ఇంటి గోడ, అద్దకపు గుడ్డ, పాత తలుపు

శంషాబాదు విమానాశ్రయానికి పొరుగున ఉన్న మామిడిపల్లిలో ఒక మిత్రుడు ఇటీవల కొత్త ఇల్లు కట్టుకొని గృహప్రవేశానికి నన్ను పిలిచాడు. వ్రతం ముగిసిన పిమ్మట వచ్చినవారందరూ ముందు హాలులో గుమిగూడి ఒక గోడవైపు చూస్తున్నారు. అక్కడ ఒక పాత తలుపు బిగించి ఉన్నది. నల్లబడిన టేకు, రెండు రెక్కలు, రెక్కల నిండా చెక్కిన పద్మాలు, పద్మానికొక ఇత్తడి బొడిపె. ఒక చిన్నపిల్లవాడు గొళ్ళెం పట్టుకొని లాగుతున్నాడు. ఆ తలుపు తెరుచుకోదు. తెరుచుకున్నా వెనుక ఉన్నది సిమెంటు గోడయే.

నగరంలో పాత సామాను అమ్మే వర్తకుని దగ్గర మంచి ధర పెట్టి కొన్నానని మిత్రుడు చెప్పాడు. ఏ ఊరి ఇంటిదో అడిగితే తెలియదన్నాడు. పక్కనే పీట మీద కూర్చున్న వాళ్ల తల్లి, ఎనభై ఏండ్లకు దగ్గర పడిన ఆమె, నావైపు తిరిగి, "మా పాత ఇంటి దర్వాజ దీనికంటె పెద్దగుండె బిడ్డా. ఇల్లు ఇప్పినప్పుడు కట్టె లెక్కన అమ్మినం" అన్నది.

తమ ఇంటి తలుపును కట్టె ధరకు అమ్మిన కుటుంబమే, మరొకరి ఇంటి తలుపును కళావస్తువు ధరకు కొన్నది. ఇందులో నా మిత్రుని తప్పు ఎంచడం నా ఉద్దేశం కాదు. విమానాశ్రయం 2008 మార్చిలో పనిచేయడం మొదలుపెట్టిన తరువాత ఆ ప్రాంతపు పొలాలు ప్లాట్లయినవి. పెంకుటిండ్లు పోయి మేడలు లేచినవి. ఇల్లు మారినప్పుడు దానిలోని వస్తువు ఏమవుతుంది? వస్తువు మిగిలి ఇల్లు పోతే, మిగిలినది ఎంత? ఈ ప్రశ్న మామిడిపల్లిది మాత్రమే కాదు. మన ఇండ్ల అలంకారం చరిత్ర అంతా దీని చుట్టూనే తిరిగినదని నాకు తోచుతున్నది.

ముందు గోడ సంగతి. అలంకారం అనగానే గోడకు వ్రేలాడదీసేది మన మనస్సులో మెదులుతుంది గాని, పూర్వం మన పల్లెటూరి ఇంటిలో గోడయే అలంకారం. పుట్టమన్నుతో మెత్తిన గోడకు పేడ అలికేవారు. అలికిన చేతి వేళ్ల జాడలు చంద్రవంకలవలె ఒకదానిమీద ఒకటి పడి ఆరేవి. ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ గరుకులో నీడలు కనిపించేవి. పైన సున్నం, అడుగున జాజు పట్టె, గడపకు పసుపు, వాకిట బియ్యపు పిండి ముగ్గు. తెలంగాణలో జాజు అనేది ఎర్రమన్ను నీళ్లలో కలిపిన రంగు. అది నేల తడి వలన గోడ అడుగున కనిపించే మరకను కప్పుతుంది, కంటికి ఇంపుగానూ ఉంటుంది. అక్కర, అందం రెండూ ఒక్క పూతలో తీరినవి.

ఈ అలంకారం నిలువ ఉండడానికి చేసినది కాదు. ముగ్గు సాయంత్రానికి చెదురుతుంది. అలుకు వానకు కరుగుతుంది. పండుగ వస్తున్నదంటే మళ్లీ చేయవలసిందే. చేసేవారు దాదాపుగా అందరూ స్త్రీలు. అందుచేతనే మన చరిత్రకారులు కోటగోడల కొలతలు వ్రాశారు గాని, పూతపెట్టిన గోడను గురించి వ్రాసినవారు తక్కువ. నిలువని పనికి శాసనం ఉండదు గదా!

కలిగినవారు నిలిచే గోడ కట్టుకున్నారు. డంగు సున్నం అనే మాట మన పెద్దలలో ఇంకా వినవచ్చును. గానుగలో రాతిచక్రం క్రింద సున్నాన్ని, ఇసుకను రోజుల తరబడి నూరి, బెల్లపు నీళ్లు, కరక్కాయ కషాయం వంటివి చేర్చి, పలుచగా పూసి, నున్నని రాతితో మెరుగు పెట్టేవారు. మామిడిపల్లి నుండి చాంద్రాయణగుట్ట మీదుగా నగరానికి వచ్చేటప్పుడు సంతోష్‌నగర్ వద్ద కొంచెం పక్కకు తిరిగితే పైగా ప్రభువుల సమాధులు కనిపిస్తవి. 18వ శతాబ్ది చివరినుండి కట్టుతూ వచ్చిన ఆ చోట సున్నపు పనికి మించిన పాఠశాల మరొకటి లేదు. రాతి జాలీలలో తీగలు, నక్షత్రాలు, పలుకోణాల అల్లికలు. గోడల మీద గచ్చుతో మలచిన పూలు, పండ్లు. ఆ పైగా ప్రభువుల బిరుదు 'శంసుల్ ఉమరా'. శంషాబాదుకు ఆ పేరు ఆ బిరుదు నుండే వచ్చినదని చెబుతారు. కాబట్టి మన మామిడిపల్లి మిత్రుడు హాలు గోడకు గరుకు పూత వేయించి మెచ్చుకోలు పొందినప్పుడు, ఆ పనికి మూలపురుషులు కూతవేటు దూరంలోనే ఉన్నారని చెప్పవలసి వచ్చింది.

ఇంకొక గోడ కూడ చూడదగినది. గోలకొండ సుల్తానుల కాలపు బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీది రంగుటిలకల పని 1611లో పూర్తి అయినది. 1908 మూసీ వరదలో ఆ ఫలకాలలో క్రింది వరుసలు దెబ్బతిన్నవి. తరువాత ఆ ఖాళీలలో రంగులతో పాత నమూనాను పోలునట్లు చిత్రించారు. దగ్గరగా నిలబడితే ఏది ఫలకమో, ఏది రంగో తెలిసిపోతుంది. కొందరికి అది లోపంగా తోచవచ్చును. నాకు మాత్రం ఆ అతుకు గోడ అనుభవించిన వరదను చెబుతున్నట్లు ఉంటుంది. పాత వస్తువును కొత్తదానివలె చేయబూనే మరమ్మతుకంటె, దెబ్బ తెలిసేటట్లు చేసిన మరమ్మతు నిజాయితీ గలది.

ఇక గుడ్డ. ఈ విషయంలో తెలుగువారి పేరు ఒకప్పుడు సముద్రాలు దాటి ప్రభుత్వాలను కదిలించినది. బందరు రేవులో డచ్చివారు 17వ శతాబ్ది ప్రారంభంలోనే వర్తకస్థానం పెట్టారు. ఇంగ్లీషువారు 1611లో వచ్చారు. వారు మొదట వచ్చినది తమ దేశపు ఇండ్లను అలంకరించుకోవడానికి కాదు. తూర్పు దీవుల మిరియాలు, లవంగాలు కొనాలంటే అక్కడివారు వెండికంటె కోరమాండల్ తీరపు అద్దకపు గుడ్డలను ఎక్కువ ఇష్టపడేవారు. ఆ గుడ్డలు కొన్నవారు కొన్ని తమ ఊళ్లకు కూడ పంపుకున్నారు. అక్కడ కథ మారింది.

రంగురంగుల తీగలు ప్రాకిన నూలుగుడ్డను, అందులోనూ ఉతికినా వెలవని గుడ్డను, ఐరోపావారు అంతవరకు ఎరుగరు. వారి ఇండ్లలో గోడలకు ఉన్ని తివాసీలు ఉండేవి. బరువైనవి, ఖరీదైనవి, ఉతకరానివి. లండను ఉద్యోగి శామ్యూల్ పెపీస్ 1663లో భార్య చదువుకునే గది గోడలకు కట్టించడానికి మన దేశపు అద్దకపు గుడ్డ కొన్నట్లు తన దినచర్యలో వ్రాసుకున్నాడు. గోడకు గుడ్డ, మంచానికి గుడ్డ, కిటికీకి గుడ్డ! మంచం మీది దుప్పటికి పెట్టిన 'పలంగ్‌పోష్' అనే మాట వాళ్ల నోళ్లలో 'పాలంపోర్' అయినది. మనం చీటిగుడ్డ అన్నది వారికి 'చింట్జ్' అయినది.

దీనితో అక్కడి ఉన్ని, పట్టు నేతగాండ్రకు కూడు కరవైనది. ఫ్రాన్సు 1686లో ఈ గుడ్డలను నిషేధించి 1759 వరకు ఆ నిషేధాన్ని సడలించలేదు. ఇంగ్లండులో 1700లో ఒక చట్టం, 1721లో మరింత కఠినమైన చట్టం వచ్చినవి. 1774 వరకు అవి పూర్తిగా తొలగలేదు. 1719 ప్రాంతంలో లండను వీధులలో అద్దకపు దుస్తులు తొడిగిన స్త్రీల మీద నేతగాండ్రు దాడిచేసి దుస్తులు చింపివేసిన సంఘటనలు జరిగినవి. ఒక పరదా గుడ్డకు ఇంత గొడవా అని మనకు ఆశ్చర్యం కలుగుతుంది. కాని కడుపు మాడిన ఆ నేతగానిని కూడ మనం అర్థం చేసుకోవలెను. తరువాతి శతాబ్దంలో లాంకషైరు మరగుడ్డ వచ్చినప్పుడు మన నేతగాండ్రకు అదే గతి పట్టినది. మనవారికి మాత్రం చట్టం చేసి కాపాడే పార్లమెంటు లేకపోయెను.

ఆ గుడ్డ విశేషం దేనిలో ఉన్నది? చిత్రించే చేతిలో సగం. నీళ్లలో, వేళ్లలో సగం. ముతక గుడ్డను పేడనీళ్లలో నానబెట్టి ఎండలో పరచి తెలుపు చేస్తారు. కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరవేస్తారు. పాలలోని వెన్న రంగు అటూ ఇటూ ప్రాకకుండా ఆపుతుంది. ఇనుప ముక్కలను బెల్లపు నీళ్లలో ఊరవేసి చేసిన కసిమితో నల్లని గీత గీస్తారు. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పూస్తారు. అప్పుడు చూస్తే అక్కడ ఏ రంగూ లేదు. గుడ్డను చిరివేరుతో ఉడికించినప్పుడే పటిక తగిలిన చోట ఎరుపు పుట్టుతుంది. నీలం కావలెనంటే మిగతా భాగాన్ని మైనంతో కప్పి నీలిమందులో ముంచవలె. ప్రతి మెట్టు తరువాత పారే నీళ్లలో జాడింపు. శ్రేష్ఠమైన చిరివేరు నిజాంపట్నం ప్రాంతంలో దొరుకుతుందని 1618 నుండి కొన్నేండ్లు బందరులో పనిచేసిన ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్ తన గోలకొండ వివరణలో వ్రాశాడు. కృష్ణ ఇసుకలో పెరిగిన వేరు, కృష్ణ నీటిలో జాడించిన గుడ్డ: ఆ ఎరుపును వేరొక దేశంలో సాధించడానికి చాల కాలం పట్టింది.

ఇప్పుడు ఆ కాలపు పలంగ్‌పోష్‌లు లండను విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో అద్దాల వెనుక ఉన్నవి. వాటిని వేసిన చేతుల పేర్లు ఏ ఒక్కదాని మీదా లేవు. పెడనలోను, బందరులోను చెక్క అచ్చులతో ఇప్పటికీ అద్దకం సాగుతున్నది. శ్రీకాళహస్తిలో కలంతో వేసే పద్ధతి అడుగంటుతున్న రోజులలో, 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డుకు నాయకత్వం వహించిన కమలాదేవి చట్టోపాధ్యాయ ఆ వృత్తిని నిలబెట్టడానికి పూనుకున్నది.

తెలంగాణలో నేలమీది గుడ్డ గొప్పది. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనలో ఓరుగల్లు తివాసీ పెట్టారు. సన్నని ముడులతో అల్లిన ఆ తివాసీల పేరు తరువాత మరుగున పడినా, ఓరుగల్లు జంపఖానాలకు మాత్రం 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. వీటన్నిటికంటె నాకు ప్రియమైనది బొంత. అమ్మమ్మ చీర, అమ్మ చీర, బాబాయి ధోవతి, చిరిగిన పిల్లల లాగులు: వరుసగా పరచి పెద్ద కుట్లు వేసి కుట్టినది. గరుకు, నమూనా, పాత వస్తువు మూడూ దానిలో ఉన్నవి. ఏ చీర ఏ పెండ్లిదో చెప్పే మనిషి కూడ ఇంటిలోనే ఉన్నది. పత్రికలలోని రంగుల బొమ్మలలో అతుకుల దుప్పట్లు చూచి మురిసేవారు ఒకసారి తమ అటక మీద వెదకవలెను.

పాత వస్తువులను ఇంటిలో పోగుచేసుకోవడం అనే అభిరుచికి మన నగరం ప్రపంచానికే ఉదాహరణ చూపినది. నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్, మూడవ సాలార్‌జంగ్, 1889లో జన్మించి 1949లో మరణించాడు. 1912 నుండి 1914 వరకు నిజాముకు దివానుగా ఉండి, పదవి విడిచిన తరువాత జీవితమంతా వస్తువుల సేకరణకే వెచ్చించాడు. అతని తాత, 1853 నుండి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ కూడ సేకర్తయే. పలుచని మేలిముసుగు రాతిలో కనిపించే రెబెక్కా విగ్రహాన్ని అతడు 1876లో రోము నగరంలో కొన్నాడు. దానిని చెక్కినవాడు బెంజోని.

వారు నివసించిన దివాన్ దేవిడీ ఒక ఇల్లు కాదు, ఇండ్ల సముదాయం. అందులో అద్దాలతో నింపిన ఆయినాఖానా ఉండేది. చీనీఖానా అనే మరొక గదిలో గోడల నిండా పింగాణీ పళ్లేలు, గిన్నెలు పొదిగించి ఉండేవి. పళ్లెం అన్నం తినడానికి కాక గోడకు చర్మమైనది! నేడు పళ్లేలను గోడకు తగిలించే వారికి ఇది కొత్త సంగతి కాదని ఈ గది చెబుతుంది. మూడవ సాలార్‌జంగ్‌కు సంతానం లేదు. అతని మరణానంతరం, జేమ్స్ కజిన్స్ అనే కళావిమర్శకుని సహాయంతో వస్తువులను అమర్చి, 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ చేత ఆ భవనంలోనే మ్యూజియం ప్రారంభింపజేశారు. అంటే మొదటి పదిహేడేండ్లు జనం చూచినది మ్యూజియం మాత్రమే కాదు, ఒక మనిషి ఇల్లు. ఏ గడియారం ఏ మూల మోగేదో, ఏ కుర్చీ ఏ కిటికీవైపు తిరిగి ఉండేదో ఆ గదులలోనే తెలిసేది.

1961లో పార్లమెంటు చట్టంతో ఆ మ్యూజియం జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయినది. 1968లో వస్తువులన్నీ మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనానికి చేరినవి. నలభైవేలకు పైబడిన వస్తువులు అక్కడ భద్రంగా ఉన్నవి. గంట గంటకూ చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారం ముందు పిల్లలు నేటికీ బారులు తీరుతున్నారు. తరువాతి దశాబ్దాలలో దివాన్ దేవిడీ నేలమట్టమైనది. చీనీఖానా పోయింది, ఆయినాఖానా పోయింది. పాత ద్వారాలు మిగిలినవి; వాటి గుండా లోపలికి వెళితే ఇప్పుడు ఉన్నవి దుస్తుల అంగళ్లు. ప్రపంచపు పాత సామానును కాపాడిన ఇల్లు తనను తాను కాపాడుకోలేకపోయినది.

మామిడిపల్లి తలుపుకు, దివాన్ దేవిడీకి పోలిక తెచ్చుట అతిశయోక్తి అని మీరు అనుకోవచ్చును. పరిమాణంలో అతిశయోక్తియే. స్వభావంలో మాత్రం రెండూ ఒకటే.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణలు కూడ లేకపోలేదు. పురానీ హవేలీలో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దుస్తుల అలమార ఉన్నది. రెండు అంతస్తుల ఎత్తున, భవనంలో ఒక పొడవాటి భాగాన్నంతటినీ ఆక్రమించుకొని ఉంటుంది. దానిని విప్పి ఎత్తుకుపోవడం ఎవరి తరమూ కాలేదు గనుక ఇంటితో కలిసి బ్రతికిపోయినది. 2000లో అక్కడ మ్యూజియం తెరిచారు. ఫలక్‌నుమా సంగతి వేరు. పైగా ప్రభువు వికారుల్ ఉమరా 1884లో మొదలుపెట్టి 1893లో ముగించిన ఆ మేడ 1897లో నిజాముకు దక్కినది. దీర్ఘకాలం మూతపడి, 2010లో హోటలు అయినది. నూటఒక్కమంది కూర్చునే భోజనబల్ల ఇప్పటికీ ఆ గదిలోనే ఉన్నది. కూర్చునేవారు మారినారు.

సామాన్యుని ఇంటిలో పాత వస్తువుకు గౌరవస్థానం ఇచ్చినది బొమ్మల కొలువు. సంక్రాంతికో దసరాకో పెట్టెలోనుంచి తీసి మెట్ల మీద అమర్చినప్పుడు, ఈ కొండపల్లి బొమ్మ ఎవరు ఏ తిరునాళ్లలో కొన్నదీ, ఈ విరిగిన ఏనుగు తొండం ఎవరి అల్లరి వల్ల పోయినదీ చెప్పుకుంటారు. కొత్త బొమ్మ ఒక్కటైనా చేర్చాలన్నది ఆచారం. పాతదానిని పారవేయమన్న ఆచారం లేదు.

నేడు పాత సామానుకు మంచి గిరాకీ ఉన్నది. పురానాపూల్ సమీపాన గురువారం నాడు సాగే జుమ్మెరాత్ బజారులో ఇత్తడి గుండిగలు, గంగాళాలు, మందు సీసాలు, తాళపుకప్పలు, కుర్చీ కాళ్లు, దీపపు చిమ్నీలు నేలమీద పరచి ఉంటవి. నేను అప్పుడప్పుడు వెళుతుంటాను. ఒకసారి అక్కడ ఒక పాత వాల్వు రేడియో కనిపించినది. చెక్క పెట్టె చెక్కుచెదరలేదు. స్టేషన్ల పేర్లున్న గాజుపలక కూడ బాగున్నది. పైన నరసాపురం లేసువంటి అల్లిక గుడ్డ కప్పి ఉన్నది. ఒకప్పుడు రేడియో ఉన్న ప్రతి ఇంటిలోనూ ఇల్లాలు దానికి అటువంటి ముసుగు అల్లేది. ధర అడిగి, వెనుక చెక్క విప్పి చూశాను. లోపల ఏమీ లేదు. వాల్వులు, తీగలు, స్పీకరు అన్నీ తీసివేశారు. 'అలంకారానికి సార్, పాడదు' అన్నాడు వర్తకుడు. రేడియోలో మాట్లాడి జీవించే నాకు ఆ పెట్టెను చూచి కలిగిన భావం వేరుగా చెప్పనక్కరలేదు. కొనకుండానే వచ్చాను. ఆ ముసుగు అల్లిన ఆమె ఎవరో అడగడానికి కూడ నోరు రాలేదు.

మామిడిపల్లిలో ఇదంతా మిత్రునికి చెప్పి, ఒక చిన్న పని చేయమన్నాను. ఇల్లు విప్పేవారు, పాత వస్తువు కొనేవారు, అమ్మేవారు ఎవరైనా చేయదగిన పని అది. ఒక కాగితం మీద ఈ తలుపు ఎక్కడిది, ఎవరి ఇంటిది, ఎప్పుడు కొన్నది వ్రాసి చౌకట్టు పక్కన అంటించమన్నాను. మ్యూజియంలో ప్రతి వస్తువుకూ ఉండేది అదే. ఇంటిలో ఎందుకు ఉండరాదు? అతడు నవ్వి, కాగితం తెచ్చాడు. కొన్న తేదీ వ్రాశాడు. దుకాణం ఉన్న వీధి పేరు వ్రాశాడు. అక్కడ కలం ఆగింది.

"మనింటి దర్వాజ ముచ్చట గూడ రాయి" అన్నది తల్లి. "అది లేదు గదమ్మా" అన్నాడు. "లేకుంటేంది, నాకు యాదికున్నది" అని ఆమె మొదలుపెట్టింది. వడ్లాయన రెండు నెలలు వీళ్లింట్లోనే తిని చెక్కినాడట. కుడి రెక్క మీద చిలుక, ఎడమ రెక్క మీద చిలుక. ఎడమవైపు చిలుకకు ముక్కు కుదరక మామగారు కోప్పడినారట. ఆమె పెండ్లినాడు ఆ గడప మీదనే బియ్యపు చెంబు తన్ని లోపలికి వచ్చిందట.

కాగితం నిండింది. మిత్రుడు మనుమడిని పిలిచి ఇంకొక కాగితం తెమ్మన్నాడు.